వేలూరు కోట కావలి

వేలూరులో తరతరములుగా నున్న తెలుగు కుటుంబములకు కోట యనిన జలకంఠేశ్వరస్వామి గుడి, సాయంకాలము అగడ్త గట్టున నడక. చిన్నబొమ్మనాయకుని పేరును, ఆరవీటి వేంకటపతిరాయలు ఇచ్చటినుండి రాజ్యమేలిన సంగతియు పెద్దలు చెప్పగా వింటిమి. 1806 జూలై 10వ తేదీని గూర్చి మాత్రము మన యిండ్లలో మాట తక్కువ. అది తమిళుల చరిత్ర యని కొందరును, టిప్పు సుల్తాను వారి చరిత్ర యని కొందరును తలంతురు. మేమట్లు తలంపము.

కుంఫిణీవారి మద్రాసు సైన్యమున తెలుగువారు మెండుగా నుండిరి. ఉత్తర హిందూస్థానమున సిపాయికే ‘తిలంగా’ యను పేరు స్థిరపడెను. 1857లో ఢిల్లీ చేరిన సిపాయిలు అయోధ్య ప్రాంతమువారైనను జనులు వారిని తిలంగాలనియే పిలిచిరి. వేలూరుకు ముందే, 1780 అక్టోబరులో, హైదరాలీతో పోరుటకు ఓడనెక్కి మద్రాసు పోవలెనన్న ఆజ్ఞకు విశాఖపట్టణమున సర్కారుల సిపాయిలు తిరుగబడియుండిరి. కావున వేలూరు కథలో మనవారు లేరనుట పొరపాటు.

1799లో శ్రీరంగపట్టణము పడిన పిమ్మట టిప్పు కుమారులను, అంతఃపురమును ఈ కోటలోనే కాపుంచిరి. 1806 నాటికి లోపల 69వ దళపు తెల్ల సోల్జర్లు నాలుగువందలకు లోపు. దేశీయ సిపాయిలు సుమారు 1,500. అనగా బందీలకు కావలియు, కోటకు కావలియు సిపాయిలే. అట్టి చోట వారి మనస్సు కష్టపెట్టరాదని సామాన్యునకైనను తోచును. 1805 నవంబరులో సేనాపతి సర్ జాన్ క్రాడక్ వెలువరించిన ఉత్తరువులో నుదుట బొట్టు కూడదు, చెవిపోగులు కూడదు, గడ్డము తీయవలెను. ఆపైన తోలు తురాయితో టోపీని పోలిన క్రొత్త తలపాగా వచ్చినది. దానిని ధరించినచో కులమునుండి వెలి పడుదుమని హిందువులును, కిరస్తానీలను చేయుదురని మహమ్మదీయులును భయపడిరి. మే నెలలో కొందరు ధరింపమనిరి. ఇరువురికి కొరడా దెబ్బలు పడెను.

జూన్ నెలలో ముస్తఫా బేగ్ అను సిపాయి తన పై యధికారికి కుట్ర జరుగుచున్నదని విన్నవించెను. అధికారి ఆ మాటను విచారణకై దేశీయ సైనికోద్యోగులకే అప్పగించెను. వారిలో కొందరు కుట్రలో నున్నవారే! వీడు పిచ్చివాడని తీర్పు చెప్పిరి, వానిని నిర్బంధించిరి. ఇది చదివినప్పుడు మాకు నవ్వును వచ్చినది, దుఃఖమును వచ్చినది. ముప్పదియేండ్లు కచేరీలో కాగితములు మోసినవారము. ఏ యుద్యోగిపై ఫిర్యాదు వచ్చెనో ఆ యుద్యోగికే ‘తగు చర్యకై’ పంపిన దస్త్రములకు మా చేతితోనే నంబరు వేసితిమి. అగడ్త యెంత లోతైన నేమి? ముస్తఫా బేగ్ నోటి మాటకంటె ఆ కోటకు గట్టి కావలి మరియొకటి లేకుండెను.

జూలై 10 ఉదయము కవాతు. అందువలన, మామూలుగా వెలుపల గుడిసెలలో పండుకొను సిపాయిలు ఆ రాత్రి కోటలోనే నిలిచిరి. గస్తీ తిరుగవలసిన తెల్ల కెప్టెను తాను పోక దేశీయోద్యోగిని పంపెననియు చెప్పుదురు. అర్ధరాత్రి దాటిన రెండు గంటలకు తుపాకులు మ్రోగెను. కోట పాలకుడు కర్నల్ ఫాన్‌కోర్టు హతుడయ్యెను. బారకులలో నిద్రించుచున్నవారితో కలిసి 69వ దళపు సోల్జర్లు నూరుమందికి పైగా, అధికారులు 14 మంది మరణించిరి. తెల్లవారుసరికి మైసూరు జెండా ఎగిరెను. అయితే పట్టుకొన్న కోటను కాచుకొనుట సిపాయిలకు చేతగాలేదు. పలువురు దోపిడికి చెదరిరి. ద్వారము మీది గోడపై సుమారు అరువదిమంది సోల్జర్లు మందుగుండు లేకయు నిలిచియుండిరి.

వెలుపలనున్న మేజర్ కోట్సు పదునారు మైళ్ళ దూరమందలి ఆర్కాటుకు కబురంపెను. గిలెస్పీ కొలది గుఱ్ఱపు రౌతులతో ముందుగా వచ్చి, త్రాటి సాయమున గోడనెక్కి, ఆ సోల్జర్లను కూడగట్టెను. వెనుక వచ్చిన ఫిరంగులు తలుపులు పగులగొట్టగా రౌతులు లోనికి దూసుకొనిరి. వారిలో మద్రాసు దేశీయ రౌతులు కూడ నుండిరి! నగరులో దాగిన సుమారు నూరుగురు సిపాయిలను వెలికిలాగి గోడకు నిలిపి కాల్చిరి. ఆ దినమున చచ్చిన సిపాయిలు 350 అని కొందరు, 800 అని కొందరు వ్రాసిరి. తమ సోల్జర్లను ఒకటొకటిగా లెక్కపెట్టిన కుంఫిణీవారికి ఈ లెక్క కుదరకపోవుట గమనింపదగినది.

పిదప తలపాగా ఉత్తరువు రద్దయ్యెను. క్రాడక్‌ను, గవర్నరు బెంటింకును 1807లో వెనుకకు పిలిపించుకొనిరి. టిప్పు కుటుంబమును కలకత్తాకు తరలించిరి. పిచ్చివాడనిపించుకొన్న ముస్తఫా బేగ్‌కు బహుమానము దక్కెను.

హజరత్ మక్కాన్ కూడలిలో 1998లో స్మారక స్తంభము నిలిపిరి. 2006లో తపాలా బిళ్ళ వెలువడెను. జూలై 10వ తేదీన స్తంభము కడ పుష్పాంజలి యుంచుదురు. ఒకయేడు మేమును వెళ్ళి ఒక ప్రక్కగా నిలుచుంటిమి. మన వీథి వారెవ్వరును కనబడలేదు.