ఆర్కిడ్ల పెంపకం: మట్టి నుంచి బెరడు వరకు

ఇంట్లో పెంచే ఆర్కిడ్‌ను మామూలు తోటమట్టిలో ఎందుకు నాటరు? ఈ ప్రశ్నకు సమాధానం 19వ శతాబ్దపు బ్రిటన్ హరితగృహాల చరిత్రలో లభిస్తుంది.

1. నేపథ్యం

ఉష్ణమండల ఆర్కిడ్లలో అధికభాగం చెట్ల కొమ్మలపై పెరుగుతాయి. ఇవి పరాన్నజీవులు కావు. చెట్టు వీటికి ఆధారం మాత్రమే. వేళ్లపై ఉండే స్పంజి వంటి పొర వాననీటిని త్వరగా పీల్చుకుంటుంది, ఆ తరువాత గాలికి ఆరుతుంది. గాలి ఆడకపోతే వేరు కుళ్లిపోతుంది.

2. తొలి ప్రయోగాలు

1817 నాటికే జోసెఫ్ బ్యాంక్స్ నాచు పరచిన తేలికపాటి బుట్టలలో ఆర్కిడ్లను పెంచాడు. అయితే ఈ పద్ధతి అంతగా వ్యాపించలేదు. చాలామంది తోటమాలులు కుండీలలో మట్టి నింపి, తోళ్లు పదును చేయడానికి వాడిన బెరడు పొట్టులో వాటిని పాతిపెట్టేవారు. ఆ పొట్టు పులిసి వేడినిచ్చేది. 1830లో వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ లిండ్లీ కూడా అధిక వేడి, అధిక తేమ, దట్టమైన నీడ అవసరమని సూచించాడు. ఉష్ణమండలమంటే అంతటా ఒకే వాతావరణమన్న భావనే ఇందుకు మూలం. ఫలితంగా వేల మొక్కలు చనిపోయాయి.

3. మార్పు

చాట్స్‌వర్త్‌లో జోసెఫ్ పాక్స్‌టన్ ఉష్ణోగ్రత తగ్గించి, గాలి ఆడేలా ఏర్పాటు చేశాడు. అక్కడి నుంచే 1835లో జాన్ గిబ్సన్‌ను ఖాసీ కొండలకు పంపారు. అతడు 1837లో అనేక ఆర్కిడ్లతో తిరిగివచ్చాడు. 1860లలో జేమ్స్ బేట్‌మన్ ఆండీస్ పర్వతాల ఆర్కిడ్లకు చల్లని గృహాలే తగినవని ప్రచారం చేశాడు.

ఈ విజ్ఞానం కుండీలోని మొక్కను బతికించింది గాని అడవిని కాపాడలేదు. పెంచడం సాధ్యమైన కొద్దీ గిరాకీ పెరిగింది. కొలంబియాలో సుమారు 10,000 మొక్కల కోసం 4,000 చెట్లు నరికించినట్లు ఆల్బర్ట్ మిలికన్ 1891 నాటి తన గ్రంథంలో తెలిపాడు.

4. మాధ్యమాల పరిణామం

మట్టి స్థానంలో పీట్ పీచు, స్ఫాగ్నమ్ నాచు, పెంకు ముక్కలు వచ్చాయి. తరువాత ఆస్మండా ఫెర్న్ వేళ్ల పీచు ప్రధానమైంది. అది అరుదై ఖరీదు పెరగడంతో 20వ శతాబ్దం మధ్యలో ఫర్ చెట్టు బెరడు వాడుకలోకి వచ్చింది. నేడు మన ఇళ్లలో వాడే బొగ్గు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్కల వెనుక ఉన్న సూత్రం ఒక్కటే: నీరు నిలవకూడదు, వేరుకు గాలి అందాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

చల్లని గృహాల పద్ధతి ఆర్కిడ్ల సహజ ఆవాసాలపై చూపిన ప్రభావాన్ని వివరించండి.