విద్యుత్తు పొదుపు

విద్యుత్తు పొదుపు అనగా వెలుతురు, గాలి, చల్లదనం, నీరు మొదలైన సౌకర్యాలను కోల్పోకుండా, వాటి కోసం ఖర్చయ్యే విద్యుత్తును తగ్గించుకోవటం. ఇది రెండు విధాలుగా సాధ్యమవుతుంది. మొదటిది, అదే పనిని తక్కువ విద్యుత్తుతో చేసే పరికరాలను వాడటం. రెండవది, వాడుక అలవాట్లను మార్చుకోవటం. పరికరాన్ని డబ్బిచ్చి కొనవచ్చును గాని అలవాటును కొనలేము. అది మారాలంటే సరైన సమాచారం, ధర, ఇరుగుపొరుగు వారి నడవడి మొదలైనవన్నీ తోడ్పడవలసి ఉంటుంది.

నేపథ్యం

1973 నాటి చమురు సంక్షోభం తరువాత ఇంధన పొదుపు ప్రపంచ దేశాల దృష్టిని ఆకర్షించింది. భారతదేశంలో 1978లో పెట్రోలియం పొదుపు కోసం ఒక సంఘం ఏర్పడింది. 2001లో పార్లమెంటు ఇంధన పొదుపు చట్టాన్ని ఆమోదించింది. ఆ చట్టం క్రింద 2002 మార్చి 1న బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. ఈ సంస్థ 2006లో పరికరాలపై నక్షత్ర గుర్తుల పథకాన్ని ప్రారంభించింది. ఒకే రకం, ఒకే పరిమాణం గల పరికరాలలో నక్షత్రాలు ఎక్కువ ఉన్నది తక్కువ విద్యుత్తును వాడుకుంటుంది. ఏటా డిసెంబరు 14న జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం జరుపుతారు.

ఆవశ్యకత

భారతదేశంలో విద్యుత్తు అధిక భాగం బొగ్గు నుండి ఉత్పత్తి అవుతున్నది. తెలుగు రాష్ట్రాలలో రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి మొదలైన చోట్ల థర్మల్ విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. బొగ్గును మండించినపుడు బొగ్గుపులుసు వాయువు, బూడిద వెలువడతాయి. ఉత్పత్తి అయిన విద్యుత్తులో కొంత భాగం తీగలలోను, ట్రాన్స్‌ఫార్మర్లలోను వృథా అవుతుంది. అందువలన ఇంటిలో ఒక యూనిట్ ఆదా చేస్తే, ఉత్పత్తి కేంద్రం వద్ద అంతకంటే ఎక్కువే ఆదా అవుతుంది.

గృహ వినియోగం

వెయ్యి వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యే విద్యుత్తును ఒక యూనిట్ అంటారు. ఈ లెక్క తెలిస్తే ఎక్కడ పొదుపు చేయాలో సులభంగా గ్రహించవచ్చును.

* దీపాలు: 60 వాట్ల పాత బల్బుకు బదులు దాదాపు అంతే వెలుతురునిచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బును రోజుకు 5 గంటలు వాడితే, సంవత్సరానికి సుమారు 93 యూనిట్లు ఆదా అవుతాయి. 2015 జనవరిలో ప్రారంభమైన ఉజాలా పథకం క్రింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు పంపిణీ అయ్యాయి.
* పంకాలు: 75 వాట్ల పంకాకు బదులు 30 వాట్ల పంకాను రోజుకు 12 గంటలు వాడితే నెలకు సుమారు 16 యూనిట్లు మిగులుతాయి.
* ఎయిర్ కండిషనర్లు: ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని అంచనా. 2020 జనవరి 1 నుండి నక్షత్ర గుర్తు గల గది ఎయిర్ కండిషనర్లలో 24 డిగ్రీలను ప్రారంభ ఉష్ణోగ్రతగా నిర్ణయించారు.
* టీవీ, సెట్‌టాప్ బాక్సు: రిమోటుతో ఆపినప్పటికీ ఇవి కొంత విద్యుత్తును తీసుకుంటూనే ఉంటాయి. గోడ వద్ద స్విచ్ ఆపటమే సరైన పద్ధతి.

అలవాట్లు మారే విధానం

పొదుపు మంచిదని చెప్పినంత మాత్రాన అలవాట్లు మారవని అనుభవం తెలుపుతున్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జరిపి, 2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ప్రతి ఇంటికి దాని వినియోగాన్ని, చుట్టుపక్కల ఇళ్ళ సగటును తెలియజేశారు. ఎక్కువ వాడేవారు తగ్గించారు. అయితే తక్కువ వాడేవారు సగటును చూసి పెంచారు. తక్కువ వాడేవారి కాగితంపై మెచ్చుకోలుగా ఒక నవ్వుముఖం గీసినపుడు ఈ పెరుగుదల కనిపించలేదు.

అలాస్కా రాష్ట్ర రాజధాని జూనోలో 2008 ఏప్రిల్‌లో మంచుచరియలు పడి జలవిద్యుత్తు తెచ్చే లైను తెగిపోయింది. డీజిల్ విద్యుత్తుతో ధర అనేక రెట్లు పెరగగా, పట్టణ ప్రజలు కొద్ది వారాలలోనే వాడకాన్ని బాగా తగ్గించారు. లైను బాగయిన తరువాత కూడా ఆ పొదుపులో కొంత నిలిచింది. జపాన్ ప్రభుత్వం 2005 వేసవి నుండి కార్యాలయాలలో 28 డిగ్రీలు ఉంచి, కోటు, టై లేకుండా రావటాన్ని ప్రోత్సహించింది. దుస్తుల ఆచారం సడలినందువలన ఎక్కువ చల్లదనం అవసరం తగ్గింది.

వ్యవసాయంలో

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో రైతులకు ఉచిత విద్యుత్తు మొదలయింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి 24 గంటల ఉచిత సరఫరా అమలులోకి వచ్చింది. బోరుబావులపై ఆధారపడిన మెట్ట రైతులకు ఇది పెద్ద ఊరట. అయితే బిల్లు లేనందున, ఎంత విద్యుత్తు ఖర్చయినదో రైతుకు తెలిసే అవకాశం తగ్గింది. కరెంటు రాగానే తనంతట తానే మోటారును నడిపే ఆటో స్టార్టరు వలన అవసరం లేనపుడు కూడా నీరు పారుతుంది. భూగర్భజలం అడుగంటిన కొద్దీ అదే నీటిని తోడటానికి మరింత విద్యుత్తు కావాలి. మోటారుకు కెపాసిటరు, ఐ.ఎస్.ఐ. గుర్తు గల పంపు, రాపిడి తక్కువగా ఉండే ఫుట్‌వాల్వు అమర్చటం, బిందు సేద్యం చేపట్టటం ఇందుకు నివారణ మార్గాలు.

2000 దశకంలో అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం మొదలైన ఏడు కరువు జిల్లాలలో ఒక కార్యక్రమం జరిగింది. అందులో రైతులే తమ బావుల నీటి మట్టాన్ని, వర్షపాతాన్ని కొలిచి, ఊరి నీటి లెక్కను కట్టి, పంటలను ఎంచుకున్నారు. ఆంక్షల కంటే స్వయంగా కొలిచి తెలుసుకోవటం మేలని ఇది చూపింది.

పరిమితులు

పొదుపు పరికరాల వలన ఖర్చు తగ్గినపుడు మనుషులు వాటిని మరింత సేపు వాడవచ్చును. బొగ్గు విషయంలో ఇటువంటి సంగతిని ఆంగ్ల ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే గుర్తించాడు. అలాగే రెండు దీపాలు, ఒక పంకా మాత్రమే గల ఇంటిని పొదుపు చేయమనటం న్యాయం కాదు. నెలవారీ వాడకం పెరిగిన కొద్దీ యూనిట్ ధరను పెంచే శ్లాబు పద్ధతి ఈ భేదాన్ని కొంతవరకు పాటిస్తుంది. పొదుపు బాధ్యత ఎక్కువ వాడే ఇళ్ళపైన, కార్యాలయాలపైన, పరిశ్రమలపైన ముందుగా ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* సౌరశక్తి
* భూతాపం
* బిందు సేద్యం
* థర్మల్ విద్యుత్ కేంద్రం