అనారోగ్య భృతి - అప్పీలు హక్కు: ఒక చారిత్రక పరిశీలన

శ్రామికుడు తన శ్రమశక్తిని అమ్ముకొని బతుకుతాడు. జబ్బు పడిన నాడు ఆ అమ్మకం ఆగిపోతుంది. ఆకలి మాత్రం ఆగదు. ఆ రోజుల తిండి బాధ్యత యెవరిది? యీ ప్రశ్నకు సమాధానంగా పుట్టిందే అనారోగ్య భృతి. అయితే ఆ హక్కును చట్టంలో చదవడం వేరు, అర్జీదారు పక్కన కూచుని చూడడం వేరు.

హాలియాకు చెందిన నా పూర్వ విద్యార్థి ఒకడు హైదరాబాదు దాపున ఒక కర్మాగారంలో పనిచేస్తున్నాడు. పండుగకు యింటికి వచ్చి, టైఫాయిడుతో మూడు వారాలు మంచం పట్టాడు. యిక్కడి డాక్టరు యిచ్చిన సర్టిఫికెట్టు పట్టుకొని పోతే, అది చెల్లదని కర్మాగారం గుమాస్తా తేల్చేశాడు. ఆ మాట నమ్మి వీడు భృతి కోసం క్లెయిమే పెట్టలేదు. అర్జీ రాయించుకోవడానికి వచ్చి నన్ను అడిగాడు: “సార్, నాకు జరం రాలేదంటుండ్రా, చిట్టీ చెల్లదంటుండ్రా?”

యీ ప్రశ్నకు చరిత్రలోనే జవాబు వెతకవలసి వున్నది.

1883లో జర్మనీలో బిస్మార్కు ఆరోగ్య బీమా చట్టం తెచ్చాడు. అది శ్రామికుల మీది ప్రేమతో కాదు. సోషలిస్టు వుద్యమాన్ని నిలువరించడానికి. 1911లో బ్రిటన్ ఆ దారి పట్టింది. మన దేశంలో 1943లో నియమితులైన ఆదార్కర్ మరుసటి యేడు నివేదిక సమర్పించారు. దాని పునాది మీద 1948 ఏప్రిల్లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో అమలు మొదలయింది. చట్టం వచ్చిన నాటికి నల్లగొండ యింకా నిజాం పాలనలోనే వున్నది. యిక్కడి రైతుకూలీలు భూమి కోసం, వెట్టి నుంచి విముక్తి కోసం ఆయుధం పట్టి వున్నారు.

తొలి చట్టం యేడాదికి 56 రోజుల భృతి యిచ్చింది. తరువాత అది 91 రోజులకు పెరిగింది. రేటు దినసరి వేతనంలో 70 శాతం అయింది. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా వుండాలి. తగాదా వస్తే బీమా కోర్టుకు, అక్కడి నుంచి గణనీయమైన న్యాయ ప్రశ్న వుంటేనే హైకోర్టుకు వెళ్ళాలి. అంటే హైకోర్టు విచారించేది చట్టానికి అర్థాన్ని గాని, జ్వరం నిజానిజాలను కాదు.

సర్టిఫికెట్టు సంగతి చూద్దాం. బీమా డాక్టరు సర్టిఫికెట్టు సాధారణ నియమమే. కాని 1950 నాటి నిబంధనలు, దానికి బదులు వేరే సాక్ష్యాన్ని అంగీకరించే అధికారం కార్పొరేషనుకు యిచ్చాయి. కనుక పల్లెటూరి డాక్టరు చిట్టీ చెల్లుతుందా, లేదా అన్నది గుమాస్తా తేల్చే విషయం కాదు.

మరి కార్పొరేషను ఒప్పుకుంటే చాలునా? మద్రాసు బకింగ్‌హాం అండ్ కర్నాటిక్ మిల్లు వ్యాజ్యం దీనికి జవాబు చెబుతుంది. 1957 జనవరిలో ఒక కార్మికుడు సెలవు మీద వెళ్ళి, జబ్బు పడి, మార్చిలో తిరిగివచ్చాడు. కార్పొరేషను అతని డాక్టరు సర్టిఫికెట్టును ఒప్పుకొని భృతి చెల్లించింది. మిల్లు మాత్రం పనిలోకి తీసుకోలేదు. సెలవు లేకుండా వరసగా యెనిమిది పని దినాలు రాకపోతే పని వదిలిపెట్టినట్టేనని స్టాండింగ్ ఆర్డరు చూపించింది. భృతి పొందుతున్న కాలంలో కార్మికుణ్ణి తొలగించరాదని 1948 చట్టం 73వ సెక్షను చెప్పేది. అయినా 1963లో సుప్రీంకోర్టు మిల్లు పక్షమే తీర్పు చెప్పింది. ఆ సెక్షను శిక్షలను మాత్రమే నిషేధించిందనీ, యిది శిక్ష కాదనీ దాని తాత్పర్యం. ఒకే మనిషి భృతి లెక్కలో రోగి, హాజరు పట్టీలో పని వదలి పోయినవాడు!

అదే కోర్టు 1978లో హైదరాబాదు రాయల్ టాకీసు వ్యాజ్యంలో యింకో దారి తొక్కింది. సినిమాహాలు ఆవరణలోని క్యాంటీను, సైకిల్ స్టాండు కంట్రాక్టర్లవి; అయినా అక్కడి పనివాళ్ళు బీమా పరిధిలోకి వస్తారని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. చట్టానికి అర్థం స్థిరంగా వుండదనీ, దాన్ని యెటు లాగితే అటు సాగుతుందనీ యీ రెండు తీర్పులూ నిరూపిస్తున్నాయి.

హాలియా దారినే నాగార్జునసాగరం వున్నది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ మధ్య కాలంలో రాళ్ళు మోసిన కూలీలు ఫాక్టరీ కార్మికులు కారు కనుక యీ బీమా వారికి వర్తించలేదు. ప్రమాదం జరిగితే పరిహారానికి 1923 చట్టం వుండేది. మామూలు జ్వరానికి యేమీ లేదు. ఆ నీటితో పండిన పొలాల్లో నాట్లు వేసే కూలి తల్లికి అప్పీలు మాట దేవుడెరుగు, మొదట క్లెయిము పెట్టే చోటే లేదు.

2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. చట్టం పేరు మారినంత మాత్రాన ప్రశ్న మారదు. జబ్బు కాలంలో భృతితోపాటు వుద్యోగానికీ రక్షణ వున్నదా? నీరసించిన మనిషి నడవగల దూరంలో అప్పీలు వున్నదా? పొలం కూలీకి యీ హక్కు యెప్పుడు?

నా విద్యార్థికి అర్జీ రాసి యిచ్చాను. గుమాస్తా నోటిమాటను నమ్మవద్దనీ, నిరాకరణ యేదైనా కాగితం మీదనే అడగమనీ, ప్రతి కాగితానికీ నకలు వుంచుకొమ్మనీ, యూనియనును వెంట తీసుకొని పొమ్మనీ చెప్పాను. యిట్లాంటి అర్జీలు రాసిపెట్టడం కూడ చదువుకున్న మనందరి పనే. కాని ఒంటరి అర్జీతో తీరే సమస్య కాదిది. పాత 73వ సెక్షనుకు 1963లో పడిన సంకుచితార్థం సంఘటిత వుద్యమం లేనిదే తొలగదు.