నెమరువేసే దేహంలో విరుగుడు

ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల విరుగుడు పశువుల పాకలో పుట్టలేదు, దాని లోటు కూడా అందువల్లే వచ్చింది. 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ పురుగుమందు కోసం వెతుకుతూ టబున్ అనే విషాన్ని కనిపెట్టాడు. అది యుద్ధ విషమైంది. అదే కుటుంబానికి చెందిన పారథియాన్ తర్వాత పొలాల్లోకి దిగింది. రెండూ చేసే పని ఒకటే: నరాల సంకేతాన్ని ముగించే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమ్‌ను పట్టుకుని కదలనివ్వవు. చొంగ కారుతుంది, కండరాలు అదురుతాయి, ఊపిరి ఆగిపోతుంది. ఆ పట్టు విడిపించే ప్రాలిడాక్సిమ్ 1955లో అమెరికాలో ఇర్విన్ విల్సన్ బృందానికి, బ్రిటన్‌లో పోర్టన్ రక్షణ పరిశోధకులకు విడివిడిగా దొరికింది. వాళ్ల ముందున్న ప్రశ్న సైనికుణ్ణి కాపాడటం. గంటలు గడిచేకొద్దీ విషం ఎంజైమ్‌తో మరింత గట్టిగా బిగుసుకుని, ఇక ఏ మందుకూ లొంగదు. కాబట్టి త్వరగా ఇవ్వడమే వాళ్లు నేర్పిన పాఠం.

గేదె విషయంలో త్వరపడితే సరిపోదు. మందు కొట్టిన మేత తిన్న పశువు పెద్దపొట్టలో విషం నిల్వ ఉండి, కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతూనే ఉంటుంది. ప్రాలిడాక్సిమ్ మాత్రం మూత్రపిండాల ద్వారా త్వరగానే బయటికి పోతుంది. ఒక్క సూదితో లేచి నిలబడ్డ గేదె మళ్లీ కూలబడితే మందు నకిలీదని అనుకోనక్కర్లేదు. విరుగుడు వెళ్లిపోయింది, విషం ఇంకా వస్తోంది. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులే విషాన్ని విరిచేస్తాయిగా అనవచ్చు. పారథియాన్ విషయంలో అది చాలావరకు నిజమే, అవి దాన్ని తక్కువ విషమున్న పదార్థంగా మారుస్తాయి. కానీ అన్ని మందులకూ ఆ వెసులుబాటు లేదు. పిడుదుల కోసం ఒంటికి రాసిన మందు చర్మం గుండా దిగుతుంది, పెద్దపొట్ట గుండా కాదు. దాన్ని సబ్బునీళ్లతో కడగాల్సిందే.

మరో విరుగుడైన అట్రోపిన్ ఎక్కువ ఇస్తే చాలదా? చౌకే, పశువైద్యుడి సంచిలో ఉండేదే. చొంగను, ఊపిరితిత్తుల్లో ఊరే నీటిని అదే ఆపుతుంది. అయితే కండరాల అదురును అది ఆపలేదు, మోతాదు మించితే పెద్దపొట్ట కదలిక నిలిచి పశువు ఉబ్బుతుంది. ఇక ప్రాలిడాక్సిమ్, కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 400 కిలోల గేదెకు ఒక్కసారికే 8 గ్రాములు. మనిషికి మొదట ఇచ్చేది ఒకటి రెండు గ్రాములే. చిన్న రైతు ఇన్ని మోతాదులు కొనలేడన్నది కాదనలేని మాట. అందుకే తాగించే యాక్టివేటెడ్ బొగ్గుకు సూదితో సమానమైన చోటివ్వాలంటాను. విషం ఎక్కడ నిల్వ ఉందో అక్కడికే వెళ్లి, దాన్ని పట్టుకుని పేడతో బయటికి పంపేది అదే.