అమెరికా నల్ల ఎలుగుబంటి వేటలో తూటాల ఎంపిక

అమెరికా నల్ల ఎలుగుబంటి వేటలో తూటాల ఎంపిక అనగా ఉత్తర అమెరికాలో చట్టబద్ధంగా జరిగే నల్ల ఎలుగుబంటి వేటకు తగిన రైఫిల్ తూటాను నిర్ణయించుకొనే విధానము. ఈ జంతువుకు దట్టమైన బొచ్చు, దాని క్రింద మందమైన కొవ్వు, బలమైన భుజపుటెముకలు ఉంటాయి. తగని తూటా వాడినచో జంతువు వెంటనే చనిపోక, గాయంతో పొదలలోనికి పారిపోతుంది. అటువంటి జంతువు చాలాసేపు బాధపడుతుంది. దానిని వెదుకుతూ వెళ్ళినవారికి కూడా అపాయము కలుగవచ్చును. అందువలన మొదటిసారి ఈ వేటకు వెళ్ళేవారికి తూటా ఎంపిక ముఖ్యమైన విషయము.

జంతువు లక్షణాలు

అమెరికా నల్ల ఎలుగుబంటి కెనడా, అమెరికా సంయుక్త రాష్ట్రాలు, ఉత్తర మెక్సికో అడవులలో నివసిస్తుంది. ప్రపంచంలోని ఎలుగుబంటి జాతులలో దీని సంఖ్యే అత్యధికము. పెద్ద మగ జంతువు సాధారణంగా 60 నుండి 250 కిలోల వరకు తూగుతుంది. ఆడ జంతువులు ఇంతకంటే చిన్నవి. చలికాలపు నిద్రకు ముందు, శరదృతువులో ఇవి విపరీతంగా మేసి కొవ్వును పెంచుకుంటాయి.

పేరు నల్ల ఎలుగుబంటి అయినను, పశ్చిమ ప్రాంతాలలో గోధుమ, దాల్చినచెక్క రంగులలో కూడా ఇవి కనిపిస్తాయి. కావున రంగును బట్టి దీనిని గ్రిజ్లీ ఎలుగుబంటి నుండి వేరుగా గుర్తించలేము. గ్రిజ్లీకి భుజాల మీద కండరాల మూపురము ఉంటుంది, నల్ల ఎలుగుబంటికి ఉండదు. అలాస్కా మినహా అమెరికా ప్రధాన భూభాగంలో గ్రిజ్లీ 1975 నుండి ప్రమాదములో ఉన్న జాతిగా రక్షణ పొందుతున్నది. అందువలన తూటా పేల్చకముందే జాతిని నిర్ధారించుకొనుట తప్పనిసరి.

తూటా, దాని కొలతలు

తూటాలో నాలుగు భాగాలు కలవు. అవి ఇత్తడి తొడుగు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపలి తుపాకిమందు, కొనలో అమర్చిన గుండు. జంతువును తాకేది గుండు మాత్రమే. గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. ఆ లెక్కన 150 గ్రెయిన్ల గుండు బరువు సుమారు 9.7 గ్రాములు, 180 గ్రెయిన్ల గుండు బరువు సుమారు 11.7 గ్రాములు. .30 వంటి అంకెలు గుండు వ్యాసాన్ని అంగుళాలలో సుమారుగా సూచిస్తాయి.

గుండు శక్తి దాని బరువును, వేగాన్ని బట్టి ఉంటుంది. వేగము రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు అవుతుంది. అయితే శక్తి ఎక్కువైన కొద్దీ రైఫిల్ భుజాన్ని వెనుకకు తన్నే బలము కూడా పెరుగుతుంది.

వాడుకలో ఉన్న తూటాలు

నల్ల ఎలుగుబంటి వేటలో ఎక్కువగా కనిపించే తూటాలు ఇవి. వేగము, శక్తి తుపాకీ గొట్టము చివర ఉండే సుమారు విలువలు.

* .30-30 వించెస్టర్: 1895లో విడుదలైనది. 170 గ్రెయిన్ల గుండు సెకనుకు 670 మీటర్ల వేగముతో, 2,480 జౌళ్ళ శక్తితో వెలువడుతుంది. దట్టమైన అడవిలో దగ్గరి దూరాలకు సరిపోతుంది.
* .35 రెమింగ్టన్: 1906 నాటిది. 200 గ్రెయిన్ల బరువైన గుండు, తక్కువ వేగము దీని లక్షణాలు. శక్తి 2,600 జౌళ్ళు.
* .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్: 1906లో అమెరికా సైన్యము కొరకు రూపొందినది. 180 గ్రెయిన్ల గుండు సెకనుకు 823 మీటర్ల వేగముతో 3,950 జౌళ్ళ శక్తిని ఇస్తుంది.
* .270 వించెస్టర్: 1925లో వచ్చినది. 130 గ్రెయిన్ల గుండు సెకనుకు 930 మీటర్ల వేగముతో పోతుంది. ఎలుగుబంటికి 140 లేదా 150 గ్రెయిన్ల గుండును ఎంచుకొనుట మేలు.
* .308 వించెస్టర్: 1952లో వచ్చినది. 150 గ్రెయిన్ల గుండు శక్తి 3,590 జౌళ్ళు. పొట్టి తూటా కావున రైఫిల్ కూడా పొట్టిగా, తేలికగా ఉంటుంది.
* .45-70 గవర్నమెంట్: 1873లో సైన్యము కొరకు వచ్చిన పాత తూటా. 300 నుండి 405 గ్రెయిన్ల బరువైన గుండు కలది. దగ్గరి దూరాలకు ఇప్పటికీ వాడుతున్నారు.

.300 వించెస్టర్ మాగ్నమ్ వంటి ఇంకా పెద్ద తూటాలు ఈ జంతువుకు అవసరము లేదు. వాటి తన్నుకు అలవాటు పడనివారు ట్రిగ్గరు నొక్కే క్షణములో తెలియకుండానే ఉలికిపడతారు, గురి తప్పుతుంది. కొత్తవారు ఇదివరకే జింకల వేటలో అలవాటైన .308 లేదా .30-06 రైఫిల్‌నే మంచి గుండుతో వాడుకొనుట ఉత్తమము.

గుండు నిర్మాణము

ఒకే తూటాలో పలు రకాల గుండ్లు లభిస్తాయి. వేట గుండు జంతువును తాకగానే ముందుభాగము పుట్టగొడుగు వలె విచ్చుకోవాలి, అదే సమయంలో ముక్కలు కాకుండా లోతుగా చొచ్చుకుపోవాలి. ఈ రెండు పనులలో ఏది లోపించినా ఫలితము చెడుతుంది. త్వరగా పగిలిపోయే తేలిక గుండు భుజపుటెముక వద్దనే ఆగిపోవచ్చును. సైనిక తూటాలలో వాడే పూర్తి రాగి తొడుగు గుండు విచ్చుకోకుండా సన్నని రంధ్రము చేసి దూసుకుపోతుంది. అందువలన పెద్ద జంతువుల వేటకు అట్టి గుండ్లను చాలా రాష్ట్రాలు నిషేధించాయి.

ముఖ్యమైన రకాలు:

* మెత్తని కొన గుండు: సీసపు కొన బయటకు కనిపిస్తుంది. వెల తక్కువ. మధ్యస్థ వేగాలలో బాగా పనిచేస్తుంది.
* అతుకు గుండు: లోపలి సీసాన్ని రాగి తొడుగుకు అతికి ఉంచుతారు. అందువలన గుండు బరువు కోల్పోకుండా చొచ్చుకుపోతుంది.
* అడ్డుగోడ గుండు: గుండు మధ్యలో రాగి గోడ ఉంటుంది. ముందు సగము విచ్చుకున్నను వెనుక సగము చెక్కుచెదరదు. 1946లో కెనడాలో మూస్ వేటలో తన గుండ్లు విఫలమవడంతో జాన్ నోస్లర్ దీనిని రూపొందించాడు.
* పూర్తి రాగి గుండు: ఇందులో సీసము ఉండదు. లోతుగా చొచ్చుకుపోతుంది. తేలిక గుండు కూడా సరిపోతుంది.

లివరుతో పనిచేసే చాలా రైఫిళ్ళలో గొట్టము వంటి మ్యాగజైను ఉంటుంది. అందులో ఒక తూటా కొన ముందున్న తూటా ప్రైమరును తాకుతూ ఉంటుంది. గట్టి సూదికొన గుండు వాడితే తుపాకీ తన్నుకు లోపలి తూటా పేలే ప్రమాదము కలదు. అందువలన వీటికి చదును కొన గుండ్లు గాని, ఇందుకొరకే తయారైన మెత్తని ప్లాస్టిక్ కొన గుండ్లు గాని వాడాలి.

రక్తపు జాడ

గాయపడిన జింకను నేలమీద పడిన రక్తపు జాడను బట్టి వెదుకుతారు. ఎలుగుబంటి విషయములో ఇది కష్టము. కొవ్వు జారి చిన్న రంధ్రాన్ని మూసివేస్తుంది, పొడవాటి బొచ్చు రక్తాన్ని పీల్చుకుంటుంది. గుండు శరీరము గుండా వెళ్ళి రెండవ వైపు బయటకు వస్తే జాడ దొరికే అవకాశము పెరుగుతుంది. లోతుగా చొచ్చుకుపోయే గుండుకు ప్రాధాన్యత ఇచ్చుటకు ఇదే ముఖ్య కారణము.

దూరము, గురి

ఎర పెట్టి వేటాడే చోట్ల దూరము సాధారణంగా 100 మీటర్లకు లోపే. అక్కడ .30-30 కూడా చాలును. కొండవాలులను పరికించి, జంతువును చూసి దగ్గరకు వెళ్ళే పశ్చిమ ప్రాంతపు పద్ధతిలో 200 మీటర్ల దూరము కూడా రావచ్చును. అక్కడ .270, .308, .30-06 అనుకూలము.

జంతువు పక్కకు తిరిగి నిలబడినపుడు ముందుకాలి వెనుక, గుండె ఊపిరితిత్తుల ప్రాంతము సరియైన గురి. దగ్గరి వైపు ముందుకాలు ముందుకు చాచినపుడు ఈ ప్రాంతము బాగా తెరుచుకుంటుంది. పొట్ట క్రింద వ్రేలాడే బొచ్చు వలన శరీరము అసలు కంటే క్రిందికి ఉన్నట్లు కనిపించి, కొత్తవారి గురి క్రిందికి పోతుంది. ఎదురుగా నిలబడిన జంతువుపై, తలపై కాల్చకపోవుట మంచిది.

ఒకే రైఫిల్‌లో వేర్వేరు తూటాలు వేర్వేరు చోట్ల తగులుతాయి. కనుక వేటకు వాడబోయే తూటాలతోనే ముందుగా గురి సరిచూసుకోవాలి. తూటా అడుగున చెక్కిన పేరు, రైఫిల్ గొట్టముపై ఉన్న పేరు ఒకటిగా ఉండాలి. లేనిచో తుపాకీ పగిలి ప్రాణాపాయము కలుగవచ్చును.

సీసము సమస్య

సీసపు గుండు శరీరములో చిన్న ముక్కలుగా చెదురుతుంది. ఈ ముక్కలు తినే మాంసములో కలియవచ్చును. అడవిలో వదిలిన పేగులను తిన్న రాబందులు విషప్రభావానికి లోనవుతాయి. కాలిఫోర్నియా కాండోర్ అనే అరుదైన రాబందుకు సీసము పెద్ద ముప్పుగా మారింది. కాలిఫోర్నియా 2013లో చేసిన చట్టము ప్రకారము 2019 జూలై 1 నుండి అన్ని రకాల వేటలలో సీసము లేని గుండ్లనే వాడాలి.

చట్టాలు

నియమాలు రాష్ట్రానికొక విధముగా ఉంటాయి. కొలరాడోలో ఎలుగుబంటి వేటకు గుండు వ్యాసము కనీసము .24 అంగుళాలు, బరువు కనీసము 70 గ్రెయిన్లు ఉండాలి. అది విచ్చుకొనే రకమై, 100 గజాల వద్ద 1,000 అడుగు-పౌన్ల, అనగా సుమారు 1,356 జౌళ్ళ శక్తి కలిగి ఉండాలి. ఇది చట్టము కోరే కనిష్ఠ పరిమితి మాత్రమే. కొలరాడో 1992లో, ఒరెగాన్ 1994లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా ఎర, కుక్కల సహాయముతో చేసే ఎలుగుబంటి వేటను నిషేధించాయి. మెయిన్ రాష్ట్రములో అటువంటి ప్రతిపాదనలు 2004, 2014లలో ఓడిపోయాయి.

అమెరికాలో వలసేతర వీసాపై ఉన్నవారు సాధారణంగా తుపాకీ గాని తూటాలు గాని కలిగి ఉండరాదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు కలదు. ఉద్యోగ, విద్యార్థి వీసాలపై అక్కడ నివసిస్తున్న తెలుగువారికి కూడా ఈ నియమము వర్తిస్తుంది.

భారతదేశములో

భారతదేశములో వేట నిషిద్ధము. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ అడవులలో కనిపించే ఎలుగుబంటి, హిమాలయాలలోని ఆసియా నల్ల ఎలుగుబంటి, ఈ రెండును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములోని మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఈ రెండు జాతులూ అమెరికా నల్ల ఎలుగుబంటి కంటే వేరైనవి.

ఇవి కూడా చూడండి

* ఎలుగుబంటి
* రైఫిల్
* గ్రిజ్లీ ఎలుగుబంటి
* కాలిఫోర్నియా కాండోర్
* వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972