ఆమ్లాల బలాబలాలు



చింతపండు పులుసు మనం రోజూ తింటాం. కంసాలి అంగడిలోని నత్రికామ్లం చుక్క పడితే మాత్రం చర్మం కాలి పచ్చబడుతుంది. రెండింటిలోనూ ఉన్నవి ఆమ్లాలే. మరి బలంలో ఇంత తేడా ఎందుకు?

ఆమ్ల గుణానికి మూలం ఆక్సిజనేనని 18వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లావోయిజర్ భావించాడు. ఆక్సిజన్ అనే పేరుకు అర్థమే 'ఆమ్లాన్ని పుట్టించేది'. కాని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదని 1810లో హంఫ్రీ డేవీ తేల్చాడు. క్రమంగా అందరి దృష్టి హైడ్రోజన్ మీదికి మళ్లింది.

1884లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో స్వాంటె అరీనియస్ అనే 25 ఏళ్ల యువకుడు డాక్టరేటు కోసం సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. నీటిలో కరిగిన ఆమ్లంలో విద్యుత్తును మోసే భాగం ఎంత ఎక్కువైతే ఆ ఆమ్లం అంత బలమైనదని అందులో వాదించాడు. పరీక్షకులకు అది రుచించలేదు. తక్కువ తరగతి ఇచ్చారు. అధ్యాపక పదవికి దారి మూసుకుపోయినట్టే అయింది.

అరీనియస్ నిరాశపడి ఊరుకోలేదు. తన వ్యాసాన్ని విదేశీ శాస్త్రజ్ఞులకు పంపాడు. రీగా నగరంలో విల్‌హెల్మ్ ఆస్ట్వాల్డ్ అప్పటికే వేరే పద్ధతిలో ఆమ్లాల బలాన్ని కొలుస్తున్నాడు. ఏ ఆమ్లం రసాయన చర్యను ఎంత వేగంగా నడుపుతుందో చూసేవాడు. ఇద్దరి కొలతల్లోనూ ఆమ్లాల వరుస సరిపోయింది. ఆ ఏడాదే ఆస్ట్వాల్డ్ స్వయంగా ఉప్సాలాకు వెళ్లి ఆ యువకుణ్ణి కలిశాడు. దానితో అక్కడి పెద్దల చూపు మారింది. అరీనియస్‌కు అధ్యాపక పదవి దక్కింది. 1903లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

ఆయన సిద్ధాంతం ప్రకారం ఆమ్లం నీటిలో అయాన్లుగా విడిపోతుంది. పలుచని ద్రావణంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాదాపు పూర్తిగా విడిపోతుంది. వెనిగర్‌లోని అసిటిక్ ఆమ్లం అదే మోతాదులో నూటికి ఒకటి రెండు పాళ్లే విడిపోతుంది. అంటే గాఢత వేరు, బలం వేరు.

ఒకటి సులభంగా, ఇంకొకటి కష్టంగా ఎందుకు విడిపోతుంది? 1897లో ఎలక్ట్రాన్ బయటపడిన తర్వాతే దీనికి సమాధానం దొరికింది. అసిటిక్ ఆమ్లంలో కార్బన్‌కు అంటిన ఒక హైడ్రోజన్ స్థానంలో క్లోరిన్ చేరిస్తే బలం సుమారు 80 రెట్లు పెరుగుతుంది. క్లోరిన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది. అందువల్ల ఆమ్లపు హైడ్రోజన్ వెళ్లిపోయాక మిగిలిన అయాను నిలకడగా ఉంటుంది. ఆ నిలకడ ఎంత ఎక్కువైతే ఆమ్లం అంత బలమైనది.

అయితే బలహీన ఆమ్లమంటే హాని లేనిదని అనుకోకూడదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం బలహీనమైనదే. కాని గాజును సైతం తినేస్తుంది, ప్రాణం కూడా తీయగలదు.

పరీక్షకులు చిన్నచూపు చూసిన ఆ వ్యాసమే మనకు ఈ విషయాలన్నిటికీ దారి చూపింది.