తోట దాటిన మాట

నూజివీడు తోటల్లో చిన్నరసం అంటే ఏమిటో ఎవరూ ఎవరికీ రాసి ఇవ్వలేదు. టెంక నాటితే తల్లి గుణమే వస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి అంటు కట్టారు. రకం కొమ్మలోనే ఊళ్లు దాటింది. కొమ్మతో పాటు రానిది వేరే ఉంది: కాయ భుజాలు ఎంత పొంగితే ముదిరినట్టు, ముచ్చిక ఎంత ఉంచి కోస్తే సొన తొక్కమీద కారదు, గడ్డిలో ఎన్నాళ్లు మాగవేయాలి. ఇదంతా చిక్కం పట్టిన చేతుల్లో ఉండేది. కొత్త కూలీకి అనుమానం వస్తే పక్క చెట్టు కింద ఉన్న మనిషిని అడిగేవాడు. రాత లేకుండానే పని జరిగిందంటే, అడగడానికి ఆ మనిషి ఉన్నాడు కాబట్టే. కాయ తోట దాటి, మనల్ని అడిగే వీలు లేనివాడి చేతికి వెళ్లినప్పుడల్లా ఆ తెలిసిన మాటను రాయక తప్పలేదు. సాఫ్ట్‌వేర్ పనిముట్లను ఏఐ ఏజెంట్లు వాడుకునేలా ఎలా వర్ణించాలన్న నేటి ప్రశ్నకు మామిడి వ్యాపారంలోని ఈ అనుభవం కన్నా దగ్గరి సాక్ష్యం నాకు కనిపించదు.

తోట దాటగానే మొదట తడబడేది పేరు. కృష్ణా ప్రాంతంలో కలెక్టర్ కాయ అన్నది చిత్తూరులో తోతాపురి, కర్ణాటకలో బెంగళూరా, తమిళనాట కిళిమూక్కు. మన బంగినపల్లికి బేనిషాన్ అన్న పేరూ ఉంది, ఢిల్లీ వెళితే అదే సఫేదా. ఏ ఊళ్లోవాళ్లకు ఆ ఊళ్లో చిక్కు లేదు. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు వచ్చేనాటికి మాత్రం ఏ కాయను ఆ పేరుతో పిలవాలో, అది ఏ ప్రాంతాల్లో పండుతుందో కాగితం మీద పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు మార్కెట్ ధర చెప్పే ఒక పనిముట్టును ఊహించండి. 'రకం' అన్న చోట ఏ పేరు ఇవ్వాలో దాని వర్ణనలో లేదు. ఏజెంటు 'కలెక్టర్' అని ఇస్తుంది, ఫలితం ఖాళీగా వస్తుంది, ఈ రోజు సరుకే రాలేదని రైతుకు చెబుతుంది. ప్రభుత్వ ఆగ్‌మార్క్‌నెట్‌లో ధర క్వింటాలు లెక్క, మామిడి యార్డులో బేరం టన్ను లెక్క. కొలమానం రాయకపోతే జవాబు పదింతలు తప్పుతుంది. తప్పినట్టు కూడా ఎవరికీ కనిపించదు, అంకె మాత్రం నిబ్బరంగా నిలబడి ఉంటుంది.

పేరు తర్వాత తడబడేది పద్ధతి. 2014 మే 1 నుంచి ఐరోపా సమాఖ్య మన మామిడిని ఆపేసింది. సరుకులో పండు ఈగ దొరకడమే కారణం. 2015లో దారి మళ్లీ తెరుచుకుంది. అటు వెళ్లే కాయకు వేడినీటి శుద్ధి ఉంది: 48 డిగ్రీల నీళ్లలో 60 నిమిషాలు. అమెరికా 2007లో మన మామిడిని అనుమతించినప్పుడు కనీసం 400 గ్రే వికిరణం అడిగింది. 'బాగా వేడిగా', 'కాసేపు' అన్న మాటలు తోటలో చెల్లుతాయి, ఓడరేవులో చెల్లవు. అయితే అంకె ఒక్కటే చాలదు. వేడినీటి శుద్ధి కాయ లోపలి ఈగ పురుగును చంపడానికేనని తెలిసినవాడు, శుద్ధి అయిన పెట్టెలను కాని పెట్టెల పక్కన పేర్చడు. ఆ సంగతి నియమంలో రాసి లేకపోయినా పేర్చడు. పనిముట్టు వర్ణనలో ఏం చేయాలన్నదానితో పాటు ఎందుకన్నది రాయడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు.

ప్రమాదం సంగతీ రాయక తప్పలేదు. తేనెమంచు పురుగుకి కొట్టే మందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఏదో ఒక గుర్తు ఉంటుంది. 1968 పురుగుమందుల చట్టం కింద 1971లో వచ్చిన నియమాలు విషం తీవ్రతను బట్టి ఆ రంగులు పెట్టమన్నాయి. చదువు రాని చేతికీ ప్రమాదం తెలియాలి. అదే 1971 నవంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థకు తొలి మాన్యువల్ తెచ్చారు. అందులో ఆజ్ఞల వర్ణనల్లో లోపాల కోసం వేరే శీర్షిక పెట్టారు. చేసిన వస్తువు ఎక్కడ చెడుతుందో చేసినవాడే చెప్పడం, ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే అలవాటు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ విడుదల చేసిన, ఏఐని పనిముట్లతో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో పనిముట్టుకు పేరు, వర్ణన, ఏ వివరాలు ఇవ్వాలన్న పట్టిక ఉంటాయి. ఏ పనిముట్టు ఎంచుకోవాలో ఏజెంటు ప్రధానంగా వాటిని చదివే తేల్చుకుంటుంది. పనిముట్టు చెరిపేది తిరిగి రాని దత్తాంశం అయితే, ఆ డబ్బా మీది ఎరుపు అక్కడే కనిపించాలి.

ఏఐ రోజురోజుకీ తెలివి మీరుతోంది కదా, ఇంత విడమరచడం దేనికని అడగవచ్చు. తెలివి తర్కాన్ని ఇస్తుంది, లేని సమాచారాన్ని ఇవ్వదు. ఢిల్లీ వ్యాపారి ఎంత తెలివైనవాడైనా, చెప్పందే నూజివీడులో కలెక్టర్ అంటే కాయ అని అతనికి తెలియదు. పైగా యార్డులో కమీషన్ ఏజెంటు పొరబడితే నష్టం రైతుది. ఈ ఏజెంటు పొరబడినా దాన్ని పనికి పెట్టినవారిదే. అన్నీ రాస్తే చదవలేనంత పొడుగవుతుందన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనది. మందు డబ్బా మీద చిన్న అక్షరాలు కిక్కిరిసిపోయి, చివరికి రైతు దుకాణంలోనే అడగడం మనకు తెలుసు. కాబట్టి ఎక్కడ పొరబడితే ఎక్కువ పోతుందో అక్కడ ముందు రాయాలి. కాయ ముదురు చేతితో పట్టి చూస్తేనే తెలుస్తుంది, అది రాతకు అందదన్నదీ నిజమే. అలాంటి చోట ఏజెంటు ఊహించకుండా ఆగి, తోటలో ఉన్న మనిషికి కబురు పెట్టాలి. ఎప్పుడు ఆగాలో, ఎవరిని అడగాలో ఆ వర్ణనలోనే రాసి ఉండాలి.